కాజాల తిన్కా సాహెబ్, ఆయన అయిదుగురు శిష్యులు

తిన్కా సాహెబ్‌కు నలభై మంది శిష్యులుంటే అండ్ల నేనే ముందటోన్ని. ఒకనాడు ఆయన అందరి ముంగట నా నెత్తి మీద చెయ్యి పెట్టి "నా తర్వాత నువ్వే" అన్నడు. ఈ ముచ్చట చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద చాయ్ హోటల్ల నేను కనీసం వందసార్లు చెప్పి ఉంట. విన్నోళ్లు కండ్లు పెద్దగ చేసి, చాయ్ గూడ తాపిచ్చిన్రు. ఇప్పుడు కాయితం మీద పెడుతున్న కాబట్టి సక్కగ చెప్త. శిష్యులు అయిదుగురు. నేను అయిదోవాన్ని. నెత్తి మీద చెయ్యి పెట్టింది నిజమే, "నా తర్వాత నువ్వే" అన్నది గూడ నిజమే. కాని అన్నది చాయ్ గ్లాసుల గురించి. ఆ రోజు గ్లాసులు తక్కువున్నయి.

మొన్నొక పొద్దున మా ఇంటి తలుపు కొట్టి ఒక ఆడపిల్ల నిలబడ్డది. ముప్ఫై ఏండ్లుంటయేమో. భుజానికి సంచి, చేతిల ఫోను. "సలాం చచ్చా. నేను సబీహా, జైనబ్ బిడ్డను" అన్నది. జైనబ్ అంటే తిన్కా సాహెబ్ చిన్న బిడ్డ, అంటే సాహెబ్ ఈ పిల్లకు నానా, అమ్మ నాయిన. నా యాదిల ఉన్న జైనబ్‌కు ఇంకా పదేండ్లు, రెండు జడలు, ముంగటి పన్ను ఊడి ఉండె. ఆమెకు ఇంత బిడ్డ ఉన్నదంటే నాకెంత వయసొచ్చిందో అప్పుడు ఎరుకైంది. సబీహా జూనియర్ కాలేజీల కెమిస్ట్రీ చెప్తదంట. అందుకే కావచ్చు, ఏ మాట చెప్పినా "ఎట్ల తెలుసు?" అని అడుగుతది. కుర్చీల కూసున్నదో లేదో ముచ్చట ఎత్తింది. "నానా చెప్పిన కవితలు, ఆ షేర్లన్నీ ఒక్కకాడ చేసి పుస్తకం ఏద్దామనుకుంటున్న చచ్చా. అమ్మీ అంటది, అవన్నీ నీ నెత్తిలనే ఉన్నయంట. నీకు అంత యాదిదస్తు, ఒక్కసారి వింటే మరువవంట."

"ఉన్నయి బిడ్డా, అన్నీ ఉన్నయి" అన్న, నెత్తి మీద చెయ్యి పెట్టుకొని. అవి ఉన్నది నెత్తిల కాదు, మంచం కింద డబ్బాల. ఆ డబ్బా కథ చెప్పాలంటే ముందుగాల సాహెబ్ కథ చెప్పాలె.

చార్మినార్ కాడ గాజుల దుకాణాలు దాటి లోపలికి పోతే ఒక గల్లీ నిండ షేర్వానీలు కుట్టేటోళ్లుండేది. ఆ గల్లీ మొగదాలనే మా బాపు దుకాణం. బటన్లు, దారపు రీళ్లు, షేర్వానీ లోపల ఏసే అస్తరు గుడ్డ అమ్మేది. పొద్దున షట్టర్ ఎత్తంగనే కొత్త అస్తరు గంజివాసన ముక్కుకు కొట్టేది. పది అయ్యేసరికి బొగ్గు ఇస్త్రీపెట్టెల పొగ దాన్ని మింగేసేది. షేర్వానీ కుట్టే దర్జీలు గల్లీల మస్తు మంది. కాని బటన్లకు కాజాలు తీసేటోడు ఒక్కడే, తిన్కా సాహెబ్. ఎవరి దుకాణంల కుట్టిన షేర్వానీ అయినా ఆఖరుకు ఆయన అరుగు మీదికే వచ్చేది. పెద్ద పెద్ద మాస్టర్లు, నవాబుల కొలతలు తీసుకున్న అని మీసం తిప్పేటోళ్లు, తమ గుడ్డ మీద కత్తెర పెట్టేటప్పుడు భయపడకపోయేది గాని, దాన్ని ఈయన ముంగట పెట్టేటప్పుడు మాత్రం ఊపిరి బిగపట్టేది. ఎందుకంటే తక్కిన కుట్టు తప్పితే విప్పి మళ్ల కుట్టొచ్చు. కాజా కోసం గుడ్డను చీరినంక ఎనకకు తీసుకునేది లేదు.

ఆయన పని చేసే తీరు ఇప్పటికి నా కండ్లల్లనే ఉన్నది. గుడ్డను మోకాలు మీద పరిచి, బొటనవేలు గోరుతోటి గీత పెట్టి, కండ్లు మూసుకొని ఏదో అనుకొని, చిన్న కత్తితోటి ఒక్క దెబ్బ. తర్వాత పట్టు దారాన్ని మైనం ముద్ద మీదికెళ్లి రెండుసార్లు గుంజేది. మైనం, పట్టు కలిసి ఎచ్చగ ఒక వాసన వచ్చేది, తేనెతుట్టె పక్కకెళ్లి పోయినట్లు. అంచు చుట్టూ ముడి పక్కన ముడి, ముడి పక్కన ముడి. చీమలు వరుసకట్టి పోతున్నట్లుండేది. ఒక కాజా అయ్యేసరికి ఒక షేర్ అయ్యేది. షేర్ అంటే రెండు లైన్ల కవిత. మొదటి అంచు కుడుతుంటే మొదటి లైను, రెండో అంచుకు రెండోది. దారాన్ని పండ్లతోటి కొరికిండంటే అయిపోయినట్లే. మళ్ల అడిగినా చెప్పకపోయేది.

ఆయన అసలు పేరు కరీముద్దీన్. బీదర్ దిక్కుకెళ్లి చిన్నప్పుడే వచ్చిండంట. అక్కడ ఒక ముసలి దర్జీ దగ్గర సూది పట్టుడు నేర్చుకున్నడు, ఆ ముసలాయన దగ్గరనే దేవుణ్ని తలుసుకునుడు గూడ నేర్చుకున్నడు. ఏది ముందు నేర్చుకున్నరని అడిగితే "రెండూ ఒక్క చేతికే గదా" అనేది. చదువు లేదు. ఉర్దూల మొదటి అక్షరం అలీఫ్ గూడ రాయరాదు. కవిత్వానికి "తిన్కా" అని పేరు పెట్టుకున్నడు, గడ్డిపోచ అన్నట్లు. మనిషి మాత్రం గడ్డిపోచ కాదు, అరుగు నిండ కూసుండేది. నేను మొదటిసారి విన్న షేర్ ఇది:

"కాజా బోలే తో ఖాలీ జాగా, ఖాలీ కు నక్కో హస్,
బటన్ బడా తో క్యా హువా, ఉస్కు యహీంచ్ ఆనా బస్."

కాజా అంటే ఉత్త ఖాళీ జాగనే, ఖాళీని చూసి నవ్వకు. బటన్ ఎంత పెద్దదైతే ఏంది, చివరికి ఈడికే రావాలె. బటన్లు అమ్మేటోని కొడుకును నేను. ఆ మాట నాకు సూదిలెక్క గుచ్చుకున్నది. ఆ రోజు నా చేతుల ఆయనకిచ్చే పట్టు దారం రీళ్లుండె. ఇచ్చి పోవాల్సింది, నిలబడిపోయిన.

ఆయన ఒక మహిమ గూడ చెప్త. ఒకసారి పెద్ద వాన, గల్లీ అంతా నీళ్లు. పెండ్లి షేర్వానీ అరుగు మీద పరిచి ఉన్నది. సాహెబ్ సూది పైకెత్తిండు, ఆ అరుగు మీద మాత్రం ఒక్క చుక్క పడలే. నా కండ్లతోటి చూసిన... పైన తాటిపత్రి కట్టి ఉండె. నేనే కట్టిన. ఆ సంగతి చెప్పకపోతేనే కథ బాగుంటది, కాని సబీహా ఇది చదువుతది.

నిజమైన మహిమ ఇంకోటి ఉండె. ఎవరన్న గోసతోటి వస్తే ఆయన ఉపదేశం చెప్పకపోయేది. "బైఠో" అని సూది, దారం చేతికిచ్చేది. "జర ఇండ్ల దారం ఎక్కియ్యి, నా కండ్లు ఆనుతలేవు." ఆయన కండ్లు గద్దకండ్లు. ఒకనాడు ఆర్టీసీ కండక్టర్ ఒకాయన తమ్మునితోటి కొట్లాడి, చొక్కా చినిగి, బూతులు తిట్టుకుంట వచ్చిండు. సాహెబ్ సూది ఇచ్చిండు. చేతులు వణుకుతుంటే దారం ఎక్కుతదా? పదిసార్లు తప్పింది. పదకొండోసారికి తిట్లు ఆగినయి, పదిహేనోసారికి ఊపిరి నిమ్మళమైంది, దారం ఎక్కింది. సాహెబ్ సూది తీసుకొని, ఆయన చినిగిన చొక్కానే కుట్టిచ్చిండు. "ఇగ తమ్మునింటికి పో. పొద్దుగూకక ముందే పో" అన్నడు. ఆ కండక్టరే నాలుగో శిష్యుడు. మొదటాయన వహీద్ భాయ్, గల్లీల పెద్ద కటింగ్ మాస్టర్. రెండోది బడిల ఉర్దూ చెప్పే పంతులు. మూడోది అత్తరు సీసాలు తిరిగి అమ్మేటాయన. అయిదోది నేను, అందరికన్న చిన్నోన్ని. పందొమ్మిదేండ్లు, కొత్తగ మీసం.

బేస్తారం సాయంత్రం అసర్ నమాజ్ అయినంక అందరం అరుగు మీద కూడేది. లోపలికెళ్లి సాంబ్రాణి పొగ, వెదురు చిక్ పరద ఎనకకెళ్లి సాహెబ్ భార్య, అందరం అమ్మీజాన్ అనేది, మలీద పంపేది. రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి, యాలకులు పోసి చేస్తది. నేను ఆ సత్సంగంల ఎందుకు చేరిన్నంటే జ్ఞానం కోసం అని రాయాలె. మలీద కోసం. మా ఇంట్ల బాపుకు తీపి పడకపోయేది, కాబట్టి ఎవరికీ పడకపోయేది. అమ్మీజాన్‌కు ఆ సంగతి, మేం మాంసం ముట్టమన్న సంగతి గూడ తెల్సి, నా కోసమని వేరే గిన్నెల, మాంసం తాకని పాత్రల కలిపి, "సేఠ్‌కు ఇయ్యి" అని జైనబ్‌తోటి పంపేది. ఆ ఇంట్ల నన్ను చిన్నా పెద్దా అందరూ సేఠ్ అనే పిలిచేది. జైనబ్ ఇచ్చేటప్పుడు ఎప్పుడూ ఒక పిడికెడు తక్కువిచ్చేది. దారిల తినేదన్నట్లు.

ఇప్పుడు సాహెబ్ పద్ధతి చెప్పాలె, ఎందుకంటే నా దొంగతనం అండ్లకెళ్లే పుట్టింది. ఆయన షేర్ ఒక్కసారే చెప్తడు. రాసుకోనియ్యడు. మళ్ల బేస్తారం అడుగుతడు: "గయే జుమేరాత్ క్యా బోలా మైఁ?" పోయిన బేస్తారం ఏం చెప్పిన? ఎవరికన్న యాదికుంటే ఆ షేర్ ఉన్నట్లు. అందరు కలిసి పాడుతరు, ఇగ అది నిలిచిపోతది. ఎవరికీ యాదికి లేకుంటే "జానే దో, అది మన కోసం రాలే" అని నవ్వి, సూదిల దారం ఎక్కిచ్చుకునేది. అట్ల ఎన్ని షేర్లు గాలికి పోయినయో! ఉర్దూ పంతులుకు కడుపు మండేది. "ఒక్క నోటుబుక్కు సాహెబ్, ఒక్కటంటే ఒక్కటి" అని బతిమిలాడేది. "మాస్టర్‌సాబ్, పుస్తకంల ఉంటే మీరు ఇంటికి పోయి నిద్రపోతరు" అనేది సాహెబ్.

యాదికుంచుకునే పందెంల మొదట్ల నేనే ఆఖరు. ఉర్దూ నాకు బజారు మాటల వరకే తెల్సు. ఒకనాడు వహీద్ భాయ్ అందరి ముంగట అన్నడు, "సేఠ్‌కు నెత్తిల బటన్లున్నయి, కాజాలు లేవు. ఏదీ లోపల ఆగది." అందరూ నవ్విన్రు. సాహెబ్ గూడ నవ్విండు. ఆ మంటకు ఆ వారం నేను దుకాణానికి ఉరికి, ఖాళీ బటన్ల అట్టపెట్టె చింపి, దాని లోపలి దిక్కు తెలుగు అక్షరాలల్ల షేర్ రాసుకున్న. వారమంతా చదివిన. బేస్తారం నాడు గడగడ అప్పజెప్పిన. వహీద్ భాయ్ నోరు తెరిచిండు. ఆ తర్వాత నాకు ఎదురు లేకుండె. రెండేండ్లు, అట్ట మీద అట్ట. గల్లీ గల్లంతా నన్ను "యాదిదస్తు సేఠ్" అనుడు మొదలుపెట్టింది. నేను గూడ తలకాయ కొంచెం పక్కకు వంచి, కండ్లు మూసి, ఎక్కడో లోపలికెళ్లి తోడుతున్నట్లు నటించి చెప్పేది. ఎంత నేర్పుగ నటించిన్నంటే ఒక్కోసారి నేనే నమ్మిన.

ఒక బేస్తారం మాత్రం దొరికిపోవాల్సింది. ఆ రోజు అమ్మీజాన్ మలీదల కొబ్బరి ఏసింది. నేను చిక్ కాడ నిలబడి జైనబ్‌తోటి పిడికెడు కోసం కొట్లాడుతున్న. తిరిగొచ్చేసరికి సాహెబ్ దారం కొరుకుతున్నడు. షేర్ అయిపోయిందన్నట్లు. అడుగుదామంటే పరువు. యాదిదస్తు సేఠ్ అడుగుతడా? ఎవరో ఒకరు పాడుతరు, విందాం అనుకున్న. ఎవరూ పాడలే. వారం గడిచింది. బేస్తారం పొద్దున మా ఉప్పుగూడ ఇంట్ల మా అమ్మ లొల్లి. పిల్లి వంటింట్ల దూరి పాలు తాగింది. "తలుపేసిన గదా, గొళ్లెం పెట్టిన గదా, ఇదెట్ల లోపలికొచ్చిందయ్యా?" అని అమ్మ. ముఖం కడుక్కుంటున్న బాపు గుస్సతోటి, "అది బయటికి పోయిందెప్పుడే?" అన్నడు.

సాయంత్రం అరుగు మీద సాహెబ్ అడిగిండు, "హాఁ, పోయిన వారం ఏం చెప్పిన?" వహీద్ భాయ్ నేల చూసిండు. పంతులు మిద్దె చూసిండు. అత్తరాయన సీసాల మూతలు చూసుకున్నడు. కండక్టర్ నన్ను చూసిండు. అందరూ నన్నే చూసిన్రు. సాహెబ్ గూడ సూది ఆపి నన్నే చూస్తుండు. నేను తల పక్కకు వంచిన, కండ్లు మూసిన, లోపల పిల్లి తప్ప ఏం లేదు. నోరు దానంతటదే అన్నది:

"దర్వాజా బంద్ కర్కే బైఠా, తూ అందర్ కైసే ఆయా?
గుస్సే మేఁ బోలా, అరే తిన్కా, మైఁ బాహర్ కబ్ గయా?"

తలుపేసుకొని కూసున్న, నువ్వు లోపలికెట్ల వచ్చినవ్? గుస్సతోటి అన్నడు, ఓ తిన్కా, నేను బయటికి పోయిందెప్పుడు?

పంతులు తొడ కొట్టిండు. "ఇదే! పక్కా ఇదే!" వహీద్ భాయ్, "నాకు నాలిక మీదనే ఉండె" అన్నడు. అత్తరాయన, కండక్టర్ అందుకొని పాట కట్టిన్రు. సాహెబ్ నన్ను చాలాసేపు చూసి, "వాహ్ సేఠ్" అని, మళ్ల కుట్టుల పడ్డడు. ఆ షేర్ అట్ల గల్లీ దాటింది, మూసీ దాటింది. సాహెబ్ పోయినంక ఉప్పుగూడ స్టేషన్ దిక్కు రేకుల కప్పు కింద ఆయనను మట్టి చేసిన్రు. ఆ సమాధి గోడ మీద ఆకుపచ్చ రంగుతోటి ఎవరో అదే రాసిన్రు. ఆ గుస్స మాట పాటలకెళ్లి ఎప్పుడు పోయిందో నాకు తెల్వది. నేను గోడ చూసేసరికి "హస్ కే బోలా" అయింది, నవ్వి అన్నడు అని. నోళ్లల్ల పడి అరిగిందనుకున్న. బేస్తారం నాడు అది పాడుతుంటే పెద్ద పెద్ద మనుషులు కండ్లు తుడుసుకుంటరు. నాకు పిల్లి కనిపిస్తది. యాభై ఏండ్లు ఎవరికీ చెప్పలే. అంత పెద్ద గురువును పందొమ్మిదేండ్ల పోరన్ని మోసం చేసిన గదా అని లోపల కొంచెం భయం, కొంచెం గర్వం. నిజం చెప్తే గర్వమే ఎక్కువ.

ఇదంతా సబీహాకు ఆ రోజు చెప్పలే. అట్టల డబ్బా ఇచ్చిన. ఆ అట్టలు చూసి పిల్ల కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది. ఫోనుతోటి ఒక్కోదాని ఫోటో తీసుకుంట చెప్పింది, "చచ్చా, మొదటి పేజీల నానా పేరు కింద దర్వాజా షేర్ పెడుతున్న. పుస్తకం పేరు గూడ అండ్లకెళ్లే."

ఆమె పోయినంక నాకు అన్నం సయించలే. నోటి మాట వేరు, అచ్చు వేరు. నోట్ల ఉన్నది రేపు మారొచ్చు. అచ్చుల పడ్డది, కాజా కోసం చీరిన గుడ్డ లెక్క. నేను ఇయ్యాల ఉంట, రేపు పోత. ఆ తర్వాత పిల్లి మాట ఆయన పేరు మీద శాశ్వతంగ ఉండిపోతది. ఆ ఆలోచనతోటే గల్లీ చూద్దామని బస్సెక్కి పోయిన. మా దుకాణం కాడ ఇప్పుడు ఫోను కవర్లు అమ్ముతున్నరు. షేర్వానీలు తయారై వచ్చి బొమ్మలకు తొడిగి ఉన్నయి. ఒక మూలకు కాజా మిషను పెట్టుకొని ఒక పిల్లగాడు కూసున్నడు; పెడల్ తొక్కితే టకటక, ఊపిరి తీసేలోపల కాజా. మంచిగనే ఉన్నది, తప్పు పట్టేటట్లు లేదు. గానీ అంత తొందరల ఎవరన్న ఏం అనుకుంటరు? ఒక్క లైను గూడ పట్టది. ఒక మాటను వారం దినాలు నోట్ల పెట్టుకొని తిరిగిన ఊరు ఇది. ఇప్పుడు ఫోనుల ఏలు పెడితే అన్ని మాటలు అందరికీ దొరుకుతయి. బాగనే ఉన్నది, దొంగతనంగ అట్టలు చింపే కష్టం లేదు. నా అసుంటోనికి మాత్రం ఇగ పేరు రాదు.

బేస్తారం మధ్యాహ్నం జైనబ్ ఇంటికి పోయిన, సమాధి పక్క సందులనే. జైనబ్ మోకాళ్ల నొప్పులతోటి మంచం మీద కూసొని మలీదకు రొట్టెలు నలుపుతున్నది. సబీహా బల్ల మీద అట్టలన్నీ పరిచి పెన్సిలుతోటి నంబర్లు ఏస్తున్నది. నేను గొంతు సవరించుకున్న. ఒక్క మాట చెప్పి, తల దించుకొని రావాలె అని దారంతా అనుకుంట పోయిన. కాని ఇద్దరు ఆడోళ్లు నన్నే చూస్తుంటే, పాత రోగం ఊకుంటదా?

"బిడ్డా, ఒక నిజం చెప్త. సాహెబ్ షేర్లని మీరు అనుకుంటున్నరు గాని, అండ్ల కొన్ని నావి."

"కొన్నంటే?"

"నాలుగు" అన్న. మళ్ల ఆగక, "అయిదు కావచ్చు" అన్న. దర్వాజా షేర్‌తోటి పాటు, మంచివి చూసి, ఇంకో నాలుగు ఏలుతోటి చూపిచ్చిన. కాజా, బటన్ షేర్ గూడ.

సబీహా ముఖం మాడిపోయింది. పెన్సిలు తీసుకొని కాజా షేర్ అట్ట మీద అడ్డంగ గీత గీసింది. రెండో అట్ట తీసుకున్నది. ఆ గీత నా రొమ్ము మీద పడ్డట్లైంది. సాహెబ్ మోకాలు మీద, నా ముంగట పుట్టిన షేర్‌ను నా నోరే కొట్టేపిచ్చింది. "ఆగు ఆగు బిడ్డా!" అని పెన్సిలు పట్టుకున్న. "అబద్ధం. ఒక్కటే. దర్వాజాది ఒక్కటే నాది. అది గూడ మా ఇంటి పిల్లిది." మొత్తం చెప్పిన. మలీద, కొబ్బరి, పాలు, బాపు గుస్స, ఏదీ దాయలే.

సబీహా చెయ్యి విడిపిచ్చుకొని నన్ను చూసింది. "ఇందాక అయిదన్నవ్. ఇప్పుడు ఒక్కటంటున్నవ్. రాసినోడివి నువ్వొక్కడివే, తక్కినోళ్లు ఎవరూ బతికి లేరు. ఈ అట్టలల్ల ఏది నానాదో, ఏది నీదో నాకెట్ల తెల్వాలె చచ్చా? ఇగ పుస్తకమే వద్దు."

యాభై ఏండ్లల్ల మొదటిసారి నిజం చెప్పిన, దాన్ని నమ్మేటోడు లేడు. ఆ నూరు నూటిరవై అట్టలు, ఆయన గాలికి పోకుండ మిగిలిన ముక్క అంతా, నా నోటి దూలకు బూడిదైతున్నది.

అప్పుడు మంచం మీదికెళ్లి నవ్వు వినబడ్డది. జైనబ్ మలీద చేతులు పైకెత్తి పట్టుకొని, మోకాళ్ల నొప్పి మరిచి ఊగుతున్నది. "అబ్బో, సేఠ్! ఇన్నేండ్లు నీకు తెల్వదా?"

"ఏంది?"

"ఆ జుమేరాత్ మా అబ్బా అసలు షేరే చెప్పలే. బొటనవేలు వాచి ఉండె. ఊకనే కుట్టిండు. చిక్ ఎనక నేనున్న గదా."

"మరి ఎట్లడిగిండు, పోయిన వారం ఏం చెప్పిన అని?"

"కావాలనే అడిగిండు! 'మీరేం చెప్పలే సాహెబ్' అని ఒక్కడన్న అంటడేమో చూద్దామని. అయిదుగురు పెద్దమనుషులు! అబ్బా లోపలికొచ్చి అన్నం కాడ అమ్మీకి చెప్పుకుంట ఎంత నవ్విండంటే గొంతుల పప్పు కొరబోయి దగ్గిండు. అమ్మీ అడిగింది, 'నేనేం చెప్పలే అని మీరే అనొచ్చు గదా?' అని. అబ్బా ఏమన్నడెరికేనా? 'కోర్టుల ఇద్దరు సాక్షులు చాలు. ఈడ నలుగురు నిలబడి ఇదే ఇదే అంటున్నరు. నేను చెప్పలే అంటే ఇప్పుడు నన్నెవరు నమ్ముతరు?' అన్నడు."

సబీహా పెన్సిలు కింద పెట్టింది. "అమ్మీ, తక్కినయన్నీ నానావేనా?"

"అన్నీ అబ్బావే. సేఠ్ ఏది అప్పజెప్పినా ఆ రాత్రి అన్నం కాడ మాకు చెప్పేటోడు. అట్టల మీద రాసుకుంటుండని గూడ తెల్సు. నువ్వు చొక్కా జేబుల అట్టముక్క పెట్టుకొని వంగితే కనబడదా సేఠ్? అమ్మీ తిట్టమన్నది. అబ్బా ఏమో, 'రాసుకుంటుండంటే ఇంటికి పోయినంక గూడ వింటుండన్నట్లు. విననీ' అన్నడు."

నేను చొక్కా జేబు తడుముకున్న, అండ్ల ఇంకా అట్టముక్క ఉన్నట్లు. అంత ఇదైనా, నోరు ఊకుంటదా? "మరి షేర్ ఎట్లున్నదన్నడు?" అని అడిగిన.

"బాగున్నదన్నడు. రెండో లైనే నచ్చలే. 'సేఠ్ దేవుడు గుస్స చేస్తుండు. నా దేవుడు నవ్వుతడు' అని ఆ మాట ఒక్కటి తీసి 'హస్ కే' పెట్టిండు. తెల్లారి కండక్టర్ భాయ్‌కు అట్లనే పాడమన్నడు."

ఆయన నన్ను పట్టుకోలే, దిద్దిండు. మోసం చేసిన అని గర్వపడ్డ ఏండ్లన్నీ ఆయన చేతి కింద గుడ్డ లెక్క పరిచి ఉన్న అన్నట్లు. నాకు సిగ్గు రావాలె. వచ్చింది నవ్వు.

సబీహా కెమిస్ట్రీ మనిషి గదా, లెక్క తేల్చింది. కాజా షేర్ మీది గీతను రబ్బరుతోటి తుడిచింది. మొదటి పేజీకి అదే. దర్వాజా షేర్ పుస్తకంల ఉంటది, గాని ఆఖరు పేజీల, ఒక్కటే, జరిగిన కథ రాసి, నా పేరుతోటి. "ఒక్క మాట నానాది, తక్కినయి నీవి" అన్నది. "నా పేరు ఎందుకు బిడ్డా, అంతా ఆయన దయ" అన్న నేను, చేతులు జోడిచ్చి. అనలే. "అక్షరాలు ఎంత పెద్దగ ఉంటయి?" అని అడిగిన.

సాయంత్రం రేకుల కప్పు కింద ముప్ఫై మంది దాకా కూడిన్రు. సబీహా లేచి నిలబడి, ఆకుపచ్చ అక్షరాల కాడ, ఏదీ దాయకుండ చెప్పింది. నేను గోడకు ఆనుకొని సిద్ధంగ ఉన్న. మస్తు లొల్లి అయితది, చెప్పులు గూడ పడొచ్చు, ఒకరిద్దరు ఏడుస్తరు అనుకున్న. ఎవరూ ఏం అనలే. నాకు కొంచెం చిన్నతనమైంది. ఆఖరుకు అత్తరాయన కొడుకు, వానికే ఇప్పుడు అరవై ఏండ్లు, హార్మోనియం మీదికెళ్లి తల ఎత్తి, "అచ్ఛా జైనబ్ ఆపా. ఇంతకు ఇప్పుడు పాడాల్నా, వద్దా?" అన్నడు.

"పాడున్రి" అన్నది జైనబ్.

పాడిన్రు. నేను గట్టిగ ఏడ్చిన అని రాద్దామనుకున్న. ఏడ్వలే. చప్పట్లు కొట్టిన. తాళం తప్పింది, పక్కనోడు మోచేతితోటి పొడిచిండు.